పాసా, మంటా

మునినారాయణప్ప రక్తంలో ఏదో తేడా వచ్చిందని చందాపురలో ఆయన ఉండే వీధికంతా తెలుసు. ఆయనకు మాత్రం తెలియకూడదని ఇంట్లోవాళ్ళు కంకణం కట్టుకున్నారు. కట్టుకోవడం వరకూ బాగానే ఉంది గానీ, నటించడం ఆ ఇంట్లో ఒక్కరికీ చేతకాదు.

కొడుకు మునిరాజునే తీసుకోండి. నలభై ఏళ్ళ మనిషి, బొమ్మసంద్రలో బోల్టుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బుద్ధెరిగాక తండ్రికి గ్లాసుడు మంచినీళ్ళు ముంచి ఇచ్చిన పాపాన పోలేదు. అలాంటివాడు ఈమధ్య డ్యూటీ నుంచి రాగానే స్టూలు లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చుని దానిమ్మకాయలు ఒలిచి పెడుతున్నాడు. గింజలు స్టీలు గిన్నెలో పడే చప్పుడు వింటూ మునినారాయణప్ప, 'నా పని అయిపోయినట్టే ఉంది, లేకపోతే వీడు దానిమ్మకాయ ఒలవడమేమిటి' అనుకున్నాడు.

భార్య నంజమ్మది ఇంకో తీరు. ఆమె తిట్టడం మానేసింది. పెళ్ళయిన నాటి నుంచి తడి తువ్వాలు కుర్చీ మీద పడేయడం ఆయన అలవాటు, దానికి నోరారా తిట్టడం ఆమె అలవాటు. ఇప్పుడు ఆమె నోరు మెదపకుండా తువ్వాలు తీసి దండెం మీద ఆరేస్తోంది. ఒకరోజు ఆయన కావాలనే రెండు తువ్వాళ్ళు పడేసి చూశాడు. రెండూ తీసి ఆరేసి, "కాఫీ తాగుతావా?" అంది మెత్తగా. ఆయనకు వెన్నులో చలి పుట్టింది.

ఏమైందని అడిగితే ఇద్దరూ ఒకే పాట. "రక్తం తక్కువైందంట. అంతే. బీట్‌రూట్ తాగితే సరిపోతాది."

అసలు ఇదంతా కంటి దగ్గర మొదలైంది. కుడి కంటికి పొర వచ్చిందని ఆపరేషన్‌కు వెళితే, ముందుగా రక్తం పరీక్ష చేయించమన్నారు. తెల్ల కణాలు ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉన్నాయని తేలింది. కంటి ఆపరేషన్ వాయిదా పడింది. హోసూరు రోడ్డులో ఒక ఆసుపత్రిలో హేమలత అనే రక్త వైద్యురాలు ఆయన మెడ, చంకలు తడిమి చూసి, ఇంకొన్ని సీసాల రక్తం తీయించి, ఒక ప్రత్యేక పరీక్షకు యలహంకలోని ల్యాబ్‌కు పంపించింది. ఆ ల్యాబ్‌లోనే మునినారాయణప్ప కూతురు చైత్ర పనిచేస్తుంది. ఆ మాట విన్నప్పుడు ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, "మా పాపది ఆ ల్యాబే. అక్కడికి పంపితే ఇంక చూసుకునే పని లేదు" అని డాక్టరుకే ధైర్యం చెప్పి వచ్చాడు.

ఆయనకు కూతురంటే ఉన్న గర్వం మామూలుది కాదు. అది ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే పట్టుపురుగుల దగ్గరికి వెళ్ళాలి.

అత్తిబెలె దారిలో మునినారాయణప్పకు ముప్పై ఏళ్ళపాటు పట్టుపురుగుల గుడ్ల కేంద్రం ఉండేది. ఇప్పుడు ఆ షెడ్డులో టూవీలర్ మెకానిక్కు కూర్చున్నాడు, అది వేరే సంగతి. రైతులు విత్తనపు పట్టుగూళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. గూడు చీల్చుకుని సీతాకోకల్లాంటి పట్టుచిలుకలు బయటికి వచ్చి, జతకట్టి, కాగితం మీద గుడ్లు పెట్టేవి. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి, ఆ రసం చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూడాలి. కోలగా మిలమిలా మెరిసే గింజలు కనిపిస్తే పెబ్రిన్ జబ్బు ఉన్నట్టు. తల్లికి ఉంటే ఆ గుడ్లన్నిటికీ ఉన్నట్టే. ఆ గుడ్లు కొన్న రైతు ఇంట్లో పురుగులన్నీ ఒక్కొక్కటే నల్లబడి రాలిపోతాయి. పక్కింటికీ పాకుతుంది. అందుకని చూసేవాళ్ళు తల ఎత్తి రెండే మాటలు అనేవాళ్ళు. ఒకటి 'పాస్'. రెండోది 'మంట'. మంట అంటే ఆ గుడ్ల కాగితం అప్పటికప్పుడు పొయ్యిలోకి.

గూళ్ళు తెచ్చిన రైతు బయట బెంచీ మీద కూర్చుని ఆ మాట కోసం ఎదురుచూసేవాడు. మంట అని వినిపిస్తే కడుపు మండదా మరి? అందుకే ఆ కేంద్రంలో మునినారాయణప్ప తండ్రి నాటి నుంచీ ఒక పద్ధతి ఉండేది. సరుకు కాలిపోయిన రైతు వెళ్ళే ముందు, చూసి చెప్పిన మనిషికి రెండు ఆకులు, వక్క, ఒక పండు తాంబూలం ఇచ్చి వెళ్ళాలి. నిజం చెప్పిన కన్ను మీద పగ పెట్టుకోలేదని దానర్థం. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తాంబూలం ఇచ్చినవాళ్ళను ఆయన ఎంతమందిని చూశాడో.

చైత్రకు పన్నెండేళ్ళప్పుడు ఒక వేసవి సెలవుల్లో ఆయన సొంత తోట గూళ్ళు మొదటిసారి విత్తనానికి వచ్చాయి. దాని మీద ఇంటిల్లిపాదీ పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. ఆయనే కూర్చుని చూశాడు. అన్నీ పాస్. పక్కన ఆడుకుంటూ ఉన్న చైత్ర, ఆయన కాఫీకి లేచినప్పుడు ఆ గాజు పలకలు మళ్ళీ పెట్టి చూసి, గుమ్మం దాకా వచ్చి, "అప్పా, దీంట్లో ఉండాది" అంది. "పోమ్మా, నేను చూసినాను" అన్నాడు. "లేదప్పా, ఉండాది. నువ్వు చూడలేదు" అంది. వెళ్ళి చూస్తే ఉన్నాయి. మూలకు రెండు గింజలు, తరువాతి పలకలో ఇంకా ఎక్కువ. ఆయన కన్ను ఆశ కొద్దీ వాటిని దాటేసింది. ఆ సాయంత్రం సరుకంతా మంటలో వేసి, స్నానం చేసి వచ్చి, నంజమ్మ గుడ్లురుముతున్నా లెక్కచేయకుండా పన్నెండేళ్ళ కూతురి చేతుల్లో పెద్దమనిషికి పెట్టినట్టు తాంబూలం పెట్టాడు. మర్నాటి నుంచి కేంద్రంలో కొత్త నియమం వచ్చింది. సొంత సరుకును సొంత కన్ను చూడకూడదు.

అలాంటి చైత్ర పెద్దదై, చదువుకుని, యలహంకలో రక్త కణాలను చూసే పనిలో చేరితే మునినారాయణప్పకు అది ఉద్యోగంలా అనిపించలేదు. తన షెడ్డే కొంచెం పెద్దదై ఏసీ పెట్టించుకుని వెలిసినట్టు అనిపించింది. బంధువులు "డాక్టరు కాలేదే పాపం" అని సాగదీస్తే, "డాక్టరు మా పాప చెప్పింది విని మందు రాస్తాడు" అని నోరు మూయించేవాడు.

ఆ బుధవారం సాయంత్రం ఆయనే కూతురికి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, వచ్చిందా నా రిపోర్టు?"

"వచ్చిందప్పా. బాగుండాది. రక్తం తక్కువ, అంతే."

"ఏమేమి చూసినారు?"

"అదే... అన్నీ చూసినారు. నార్మల్."

ఎప్పుడైనా ఒక మాట అడిగితే అరగంట విడమరిచి చెప్పే పిల్ల. ఏ కణం ఏ రంగులో మెరిసింది, మిషన్ ఎందుకు మొరాయించింది అన్నీ చెప్పేది. ఈరోజు మూడు ముక్కలతో ముగించింది. ఆ మూడు ముక్కలూ ఎవరో నోట్లో పెట్టి పలికించినట్టున్నాయి. మునినారాయణప్ప ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టేశాడు.

చావంటే భయం వేయలేదంటే అబద్ధం. వేసింది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా వేసింది. కానీ ఆ భయాన్ని మించిన బాధ ఒకటి గుండెల్లో బండరాయిలా కూర్చుంది. ఎన్నో ఏళ్ళుగా ఊరందరి ముందు రొమ్ము విరుచుకుని చెప్పుకున్న తన కూతురు, ఉన్నది ఉన్నట్టు చెప్పే తన కూతురు, చెడ్డ గుడ్డును పాస్ అనేసింది. తండ్రి సరుకని కన్ను మూసుకుంది. రోగం వచ్చిందంటే వచ్చింది, ఒళ్ళున్నాక రోగాలు రావా? ఈ గర్వం పోతే ఇంక తన దగ్గర మిగిలేదేమిటి?

ఆ రాయి దిగక ఆయనకు సంగటి ముద్ద కూడా దిగలేదు. రోగం ముదిరిందనుకుని మునిరాజు దానిమ్మకాయలు రెట్టింపు చేశాడు.

శనివారం మునినారాయణప్ప కొడుకును అటక ఎక్కించి పాత మైక్రోస్కోపు దింపించాడు.

"ఇప్పుడెందుకప్పా ఇది?" అన్నాడు మునిరాజు, తలకు అంటిన బూజు దులుపుకుంటూ.

"పని ఉండాది."

"ఏమి పని?"

"నువ్వు దానిమ్మకాయ ఒలువు పో."

మెత్తటి పంచె ముక్కతో అద్దాలు తుడిచాడు. స్క్రూలకు కొబ్బరి నూనె చుక్క వేశాడు. జీవితమంతా మైక్రోస్కోపులో ఎడమ కంటితో చూసిన మనిషి, పొర వచ్చింది కుడి కంటికి. 'దేవుడికి ఆ మాత్రం దయ ఉండాది' అనుకున్నాడు. ఆయన ఆలోచన తేలికైనదే. ఎవరినీ అడగడు. తన రక్తం తనే చూసుకుంటాడు. కానీ చుక్క తీసి గాజు మీద పెట్టే పని మాత్రం చైత్ర చేతే చేయిస్తాడు. అప్పుడు దాని మొహం చూడాలి.

ఆదివారం చైత్ర వచ్చింది. భర్త హేమంత్‌కుమార్‌ను, పిల్లల్ని ఇంట్లో వదిలి, బస్సు, మెట్రో, మళ్ళీ బస్సు పట్టుకుని, ఊరు ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చింది. నంజమ్మ కోడి సారు, సంగటి చేసింది. నలుగురూ కూర్చుని తిన్నారు. నలుగురూ తిన్నారనడం మర్యాద కోసం. మునిరాజు ఒక్కడే తిన్నాడు, అదీ దిగులు కొద్దీ రెండు ముద్దలు ఎక్కువ. ట్రాఫిక్ గురించి, కావేరి నీళ్ళ గురించి, ఎదురింటి భుజంగరావు కొత్త కారు గురించి గట్టిగట్టిగా మాట్లాడుకున్నారు.

చేతులు కడుక్కుని అందరూ వరండాలోకి వచ్చేసరికి బల్ల మీద మైక్రోస్కోపు ఉంది. ఎండ అద్దం మీద పడేటట్టు కిటికీ పక్కగా జరిపి పెట్టాడు మునినారాయణప్ప. తను కుర్చీలో కూర్చుని ఎడమ చేయి బల్ల మీద చాపాడు.

"చైత్రా, ఒక సూది తెచ్చి నా వేలు గుచ్చు. గాజు మీద చుక్క పెట్టు. నేనే చూసుకుంటాను. ఎవరినీ అడిగే పని లేదు నాకు."

"సుమ్నే ఉండు మారాయా, ఊరికే ఉండలేవా!" అంది నంజమ్మ. "పురుగులు చూసే దాంట్లో మనిషి రక్తం ఏమి కనిపిస్తాది?"

"కనిపించింది కనిపిస్తాది. నువ్వు ఆపక్క ఉండు."

చైత్ర తడి చేయి చీరకు తుడుచుకుంది. గోడకు తగిలించిన తన హ్యాండ్‌బ్యాగు తీసి, అడుగు నుంచి ఒక చదునైన ప్లాస్టిక్ పెట్టె తీసింది. తెరిస్తే అందులో ఒక గాజు ముక్క. దాని మీద రంగు వేసి ఆరబెట్టిన రక్తపు పూత.

"గుచ్చే పని లేదప్పా. నేనే తెచ్చినాను. డాక్టరమ్మను అడిగి తెచ్చినాను."

మునినారాయణప్ప చాచిన చేయి అలాగే ఉండిపోయింది. ఆయన అడగకముందే తెచ్చింది. యలహంకలో ఇంట్లోంచి కదిలినప్పుడే బ్యాగులో పెట్టుకుని బయల్దేరింది.

"చైత్రా!" అన్నాడు మునిరాజు కంగారుగా.

నంజమ్మ మాత్రం గుమ్మానికి చేరగిలబడి, ఏడుపు గొంతుతో అరిచింది. "నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినావు గదే! అప్పకు చెప్పనని ఒట్టేసినావు గదే!"

అదీ సంగతి. మునినారాయణప్ప భార్యను చూశాడు, కూతురిని చూశాడు. అంతకుముందు ఆదివారం వంటింట్లో తల్లీకూతుళ్ళు గుసగుసలాడటం గుర్తొచ్చింది. బుధవారం ఫోన్‌లో మాట్లాడింది చైత్ర కాదు, నంజమ్మ తల మీది ఒట్టు. గుండెల్లో రాయి అంగుళం పక్కకు జరిగింది.

"ఒట్టు వేసినానమ్మా," అంది చైత్ర. "ఆ ఒట్టు కోసమే ఫోన్‌లో అబద్ధం చెప్పినాను. అప్ప మారు మాట అడగకుండా ఫోన్ పెట్టేసినాడు. ఆ పొద్దు నుంచి నాకు ముద్ద దిగలేదు. ఇంక నా వల్ల కాదు. అట్లని నేనే ఒట్టు తప్పితే నీకేమన్నా అయితాదేమో అని భయమేస్తా ఉండాది. నువ్వే తీసెయ్యమ్మా."

ల్యాబ్‌లో లేజర్ కాంతిలో కణాలను ఒక్కొక్కటిగా నిలబెట్టి విచారించే మనిషి, తల్లి తల మీది ఒట్టుకు అలా భయపడిపోవడం చూస్తే ఎవరికైనా నవ్వు రావాలి. ఆ వరండాలో ఎవరికీ రాలేదు. వాళ్ళింట్లో ఒట్టంటే అంతే.

"నంజీ," అన్నాడు మునినారాయణప్ప. ఆ పిలుపు ఆ ఇంట్లో వినపడి చాలా కాలమైంది. "నువ్వు నన్ను తిట్టడం మానేసిన పొద్దే నాకు తెలిసిపోయింది. ఇంక దాచేకి ఏమి మిగిలిందే? నా రోగం నాకు చెప్పకుండా నా బిడ్డను దొంగను చేస్తావా? రోగం కంటే అదే ఎక్కువ నొప్పిగా ఉండాది నాకు."

నంజమ్మ కొంగుతో ముక్కు చీది, తన నడినెత్తిన తనే అరచేత్తో ఒకసారి తుడిచి, "తీసి గట్టున పెట్టినాను పో, నీ ఒట్టు. చెప్పు" అని అక్కడే గుమ్మంలో కూలబడింది.

చైత్ర గాజు ముక్క మైక్రోస్కోపులో అమర్చింది. మునినారాయణప్ప అద్దం సర్దుకున్నాడు. ఎడమ కన్ను ఆనించాడు.

ఎర్ర కణాల మధ్య ఊదారంగు చుక్కలు. గుండ్రంగా, నిండుగా, ఎక్కడ చూసినా అవే, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు. అక్కడక్కడా చితికిపోయిన మరకలు.

"ఈ చితికినవేమి?"

"ఈ కణాలు మెత్తనివప్పా. గాజు మీద పూసేటప్పుడే చితికిపోతాయి. తెలిసినోళ్ళు ఆ మరకలు చూసే మొదట అనుమానపడేది."

"ఊఁ." ఆయనకు తెలియకుండానే పాత పని ఉత్సాహం వేళ్ళలోకి వచ్చింది. గాజును కొంచెం కొంచెంగా జరుపుతూ చూశాడు. "పేరేమి దీనికి?"

"లుకేమియా. రక్తం క్యాన్సరు. దాంట్లోనే నిదానంగా నడిచే రకం, ఏండ్ల తరబడి ఉండేది."

క్యాన్సరు అన్న మాటకు గుమ్మంలో నంజమ్మ వెక్కింది. మునిరాజు గోడ వైపు తిరిగాడు. మునినారాయణప్ప కన్ను మైక్రోస్కోపు నుంచి తీయలేదు. తీస్తే కూతురు తన మొహం చూస్తుంది.

"అన్నీ ఒకటే మాదిరి ఉండాయి గదమ్మా. దీంట్లో మంచి చెడ్డ ఎట్ల తెలుస్తాది?"

"దీంట్లో తెలియదప్పా. కంటికి అన్నీ ఒకటే. దానికే మా మిషన్." చైత్ర స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. బుధవారం మింగేసిన అరగంట మాటలు ఇప్పుడు బయటికి వచ్చాయి. "ఒక్కో కణం పైన కొన్ని గుర్తులుంటాయి. ఆ గుర్తుకే అతుక్కునే రంగు మందు కలిపితే, గుర్తు ఉండే కణం లేజర్ ముందరికి వచ్చినప్పుడు మెరుస్తాది. ఒక్కొక్కటే వరస కట్టి పోతాయి. వేలు, లక్షలు. ఎన్ని మెరిసినాయో మిషన్ చెప్తాది. ఆ గుర్తులకు నంబర్లు పెట్టినారు. నీ కణాల మీద ముప్పయ్యెనిమిది నంబరు ఉండాది. నలభైతొమ్మిది కూడా ఉండాది."

"ఉంటే?"

తండ్రి తల ఎత్తి ఎడమ కంటితో సూటిగా ఆమెను చూశాడు.

"ఉంటే మంచిది కాదప్పా. లేనోళ్ళకు జబ్బు నిద్రపోయినట్టు ఉంటాది, కొందరికి జన్మంతా మందే అక్కరలేదు. ఇవి ఉండేది తొందర జాతి. త్వరగా పెరగొచ్చు. మందు త్వరగా అవసరం పడొచ్చు."

చెప్పేసింది. చూపు దించలేదు. పన్నెండేళ్ళప్పుడు గుమ్మంలో నిలబడి 'లేదప్పా, ఉండాది' అన్నప్పటి మొహమే. కళ్ళలో నీళ్ళు మాత్రం కొత్తవి.

"అయితే చెప్పు," అన్నాడు మునినారాయణప్ప. "పాసా, మంటా?"

"రెండూ కాదు." చైత్ర ముక్కు తుడుచుకుని కొంచెం కోపంగానే అంది. "గుడ్లకు నువ్వు రెండే దారులు పెట్టినావు. మనిషికి ఇంకోటి ఉండాది. కాపలా. ఈ గుర్తు చూసి మందు మొదలుపెట్టరు. రక్తం బాగా పడిపోయిందా, గడ్డలు పెరిగినాయా, జ్వరం వస్తా ఉండాదా, మనిషి చిక్కిపోతా ఉండాడా, అవి చూసి మొదలుపెడతారు. నీకు ఇప్పుడు ఏవీ లేవు. గుర్తు చెప్పేది ఏమంటే, ఈయప్పను దగ్గరగా కనిపెట్టి ఉండండి అని. ఇంకో మాట. ఆ గుర్తు వెయ్యి మందిని కలిపి చూసి చెప్తాది. మునినారాయణప్ప అనే ఒక్క మనిషి గురించి దానికేమీ తెలియదు. అవసరం పడిన పొద్దు, ఈ తొందర జాతి మీద కూడా పనిచేసే మాత్రలు ఇప్పుడు ఉండాయి."

"పనిచేస్తాయా?"

"చాలా మందికి చేస్తాయి. అందరికీ అని చెప్పలేను."

"చెప్పొద్దు," అన్నాడాయన గబుక్కున. "చెప్పలేనిది చెప్పొద్దు."

వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. మునినారాయణప్ప ఇంకోసారి కన్ను ఆనించి ఆ ఊదా చుక్కలను చూశాడు. తనవే. తన ఒంట్లో పుట్టి, తనకు చెప్పకుండా పెరిగిన తొందరగాళ్ళు. భయంగానే ఉంది. అయినా భయానికి ఇప్పుడు ఒక పేరుంది, రెండు నంబర్లున్నాయి. దానిమ్మ గింజల చప్పుడు కన్నా ఇది నయం. ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది. అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు, అడగకుండా ఉండటానికి అసలే చాలలేదు.

"మిషన్‌లో... నువ్వే చూసినావా?"

చైత్ర తండ్రి వైపు వింతగా చూసింది, ఇదేమి ప్రశ్న అన్నట్టు.

"నేనెట్ల చూస్తానప్పా? సొంత సరుకు గదా. నీ పేరు చూడంగానే పక్కకు తప్పుకున్నాను. నాతో పనిచేసే సమీనా చూసింది, సంతకం ఆమెదే. ఆమె చూసేంత వరకూ నేను ఆ గదిలోకే పోలేదు. బయట క్యాంటీన్‌లో కూర్చున్నాను."

మునినారాయణప్ప నవ్వాడు. మొదట గొంతులో, తరువాత బొజ్జ అదిరేటట్టు. నవ్వుతూ ఉండగానే కళ్ళు పొంగాయి, పొర పట్టిన కన్నూ, పట్టని కన్నూ రెండూ. అత్తిబెలె దారిలో షెడ్డు పోయింది, పురుగులు పోయాయి, బెంచీ మీద కూర్చునే రైతులు పోయారు. ఆ నియమం మాత్రం యలహంకలో, ఏసీ గదిలో, తన పేరు రాసిన సీసా ముందు నిలబడింది. సొంత తండ్రి రక్తం వచ్చినా చేయి చాపలేదు తన బిడ్డ. బెంచీ మీద రైతు కూర్చున్నట్టు బయట కూర్చుంది.

"విన్నావారా?" అన్నాడు కొడుకుతో, అతను ఏడుస్తున్నాడని కూడా చూడకుండా. "విన్నావా? గదిలోకే పోలేదంట! నా కూతురు!"

"విన్నాను లేప్పా," అన్నాడు మునిరాజు, చొక్కా చేతితో మొహం తుడుచుకుంటూ. "ఇంక దానిమ్మకాయ నువ్వే ఒలుచుకో."

"నంజీ! ఇంట్లో ఆకు ఉండాదా?"

నంజమ్మ అప్పటికే లేచింది. ఆయన అడగబోయేది ఆయన కన్నా ముందే ఆమెకు తెలుసు. వంటింట్లో డబ్బాల మూతల చప్పుడు, బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, మీద ఆకుపచ్చ రవిక గుడ్డ ఒకటి పెట్టుకుని వచ్చింది. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది.

మునినారాయణప్ప పంచె సర్దుకుని లేచి నిలబడ్డాడు. రెండు ఆకులు, వక్క, ఒక పండు చైత్ర దోసిట్లో పెట్టాడు.

"ఇది సమీనాకు. నిజం చెప్పిన కన్నుకు. మా అప్పకు పగ లేదు అని చెప్పు. రేపు పొద్దున్నే ఇచ్చెయ్యి, ఆకు వాడిపోకముందే."

"ఇస్తానప్పా."

ఆయన రెండోసారి పళ్ళెంలోకి చేయి పెట్టబోయాడు. నంజమ్మ పళ్ళెం వెనక్కి లాగింది.

"ఇది నేనిస్తాను," అంది.

మిగిలిన రెండు ఆకులు, వక్క, పండు, వాటి మీద ఆ రవిక గుడ్డ పేర్చి కూతురి దోసిట్లో పెట్టింది. కూతురి కుడి చేయి పట్టుకుని, వారం కిందట వంటింట్లో తన తల మీద పెట్టించుకున్న ఆ చేతినే, ఒకసారి కళ్ళకు అద్దుకుంది. తరువాత భర్త వైపు తిరిగింది.

"ఏమి చూస్తా ఉండావు అట్ల? కుర్చీ మీద తడి తువ్వాలు ఎవరు తీస్తారు? మీ నాయన వచ్చి తీస్తాడా?"

మునినారాయణప్ప చల్లగా ఊపిరి పీల్చుకుని, తువ్వాలు తీయడానికి ఛాతీ విరుచుకుని లోపలికి నడిచాడు.